గోడ దాటిన అర అంగుళం

నాకు ముక్కు మీద కోపమని మా చర్చిలోనూ, మా కాలేజీలోనూ అందరికీ తెలుసు. ఊరికే రాదు ఆ కోపం. కొలత తప్పు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. "సుమారుగా" అన్న మాట మా ఇంట్లో చెల్లదు. కూరలో ఉప్పు తగ్గినా మా ఆయన విజయ్ పాల్ "కాస్త తగ్గింది" అనరు, "ఒక చిటికెడు తగ్గింది" అంటారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను సాధించిన ఘనకార్యాల్లో అదొకటి.

నా పేరు రూబీ. రాజమండ్రి శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నీళ్ళ ఒత్తిడి, ప్రవాహం కొలిచే ల్యాబ్ నాది. నాది అంటే కాలేజీదే, కానీ తాళం నా దగ్గర ఉంటుంది, మాట కూడా నాదే చెల్లుతుంది. పిల్లలతో ప్రయోగాలు చేయించి రికార్డులు దిద్దడం ఒక పని. చుట్టుపక్కల ఊళ్ళలో పంపులు తయారుచేసేవాళ్ళు తెచ్చిన పంపుల్ని పరీక్షించి, పాసో ఫెయిలో కాగితం ఇవ్వడం రెండో పని. మొదటి పనిలో నాకు విసుగు ఎక్కువ, రెండో పనిలో గర్వం ఎక్కువ.

పరీక్ష చేసే పద్ధతి చాలా తేలిక. పంపు నుంచి బయటికి వచ్చే ఎనిమిదంగుళాల ఇనప పైపు గోడకు ఒక చిన్న కన్నం ఉంటుంది. ఆ కన్నానికి తగిలించిన ప్లాస్టిక్ గొట్టం ల్యాబ్ గోడ మీద నిలువుగా పైకప్పు దాకా వెళ్తుంది. లోపలి నీళ్ళు బయటికి కనబడే తేట గొట్టం అది. పైపులో పారే నీటికి ఎంత ఒత్తిడి ఉంటే గొట్టంలో నీళ్ళు అంత ఎత్తుకి ఎక్కి నిలబడతాయి. పక్కనే స్కేలు. పైపులో నీటి వేగం లాంటి కలపాల్సిన లెక్కలన్నీ కలిపే ఆ స్కేలు గీశాను. పంపు ఎంత ఎత్తుకి నీళ్ళు తోడగలదో నిచ్చెనెక్కి చూసి రాసుకోవడమే మిగిలేది. మేం బెంచి అని పిలిచే ఈ ఏర్పాటునంతా తొమ్మిదేళ్ళ కిందట మా ఆయనే తన చేత్తో వెల్డింగ్ చేసి పెట్టారు. అంతకు ముందు ఆయన మండపేట రైస్ మిల్లుల్లో పదిహేనేళ్ళు బాయిలర్ల పని చేశారు. ఏటా జూన్‌లో పైపు నిండా నీళ్ళు నిలబెట్టి బెంచిని సరిచూసేదాన్ని. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చేది కాదు. నా బెంచి అబద్ధం చెప్పదని ఊరంతా చాటుకుంటూ తిరిగేదాన్ని.

ఆ బెంచి మీద భీమరాజు గారి పంపు రెండోసారి ఫెయిలయింది.

భీమరాజు గారిది మండపేట. అరవై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటారు, మాట నెమ్మది. పంపు లోపల తిరుగుతూ నీటిని తోసే రెక్కల చక్రానికి ముందుగా టేకు చెక్కతో ఒక అచ్చు చెక్కుతారు. ఆ అచ్చుని బట్టి ఇనుము పోత పోయిస్తారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన పంపులన్నీ ఒకే అచ్చు నుంచి పుట్టినవే. మండపేటకి దిగువనున్న ఒక ఊళ్ళో ఏటా వాయుగుండం వచ్చినప్పుడల్లా చేలు వారం రోజులు మునిగిపోతాయి. చేలల్లోని నీళ్ళని గట్టు దాటించి డ్రెయిన్లోకి తోడెయ్యడానికి ఆ ఊరి రైతులు ఆరు పంపులు కొందామనుకున్నారు. సెకనుకు నూరు లీటర్ల నీళ్ళని నాలుగు మీటర్ల ఎత్తుకి తోడాలి, కాలేజీ కాగితం ఉండాలి. అవే వాళ్ళు పెట్టిన షరతులు. మే నెలలో మొదటిసారి పరీక్ష చేస్తే గొట్టంలో నీళ్ళు మూడు మీటర్ల అరవై దగ్గర ఆగిపోయాయి. ఆయన పంపు విప్పి, బేరింగులు మార్చి, సీళ్ళు మార్చి, సెప్టెంబరులో మళ్ళీ తెచ్చారు. మళ్ళీ మూడు మీటర్ల అరవయ్యే. ఈసారి కూడా కాగితం రాకపోతే వచ్చే గురువారం రైతులు బయటి కంపెనీ పంపులకి ఆర్డరిచ్చేస్తారు. చేతిలో ఆయనకి వేరే ఆర్డరు లేదు.

రెండోసారి ఫెయిలైన రోజు శుక్రవారం. ఆయన వాదించలేదు, బతిమాలలేదు. మా షెడ్డుకి ఒక్కసారి వచ్చి చూడమ్మా, ఆ తర్వాత మీ ఇష్టం అన్నారు. వెళ్ళాల్సిన అవసరం నాకు లేదు. వాదించని మనిషికి కాదని చెప్పడం నాకు చేతకాదు, అందుకని శనివారం వెళ్ళాను.

షెడ్డు వెనక పెద్ద నీళ్ళ గుంట, దాని ఒడ్డున ఇటుక స్తంభాల మీద కట్టిన సిమెంటు తొట్టి ఉన్నాయి. తొట్టి నిండితే సరిగ్గా పదివేల లీటర్లు. భీమరాజు గారు తయారుచేసిన ప్రతి పంపూ ముందుగా ఈ గుంటలో నీళ్ళు తోడి ఆ తొట్టి నింపాల్సిందే. ఆయన దగ్గర కొలత పరికరాలు రెండే. గుంటలో నీటిమట్టం నుంచి తొట్టి మీది పైపు మూతి దాకా కొలిచే వెదురు బొంగు ఒకటి, చేతి వాచీ ఒకటి. ఆయన భార్య రత్నమాణిక్యం గారు కాఫీ తెచ్చి, నా మొహం చూడకుండా గ్లాసు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. కాఫీ మాత్రం బాగుంది.

నేను పరీక్షించిన పంపు ల్యాబ్‌లోనే ఉంది కాబట్టి, అదే అచ్చులో పోసిన దాని జోడు పంపు వేశారు. నీళ్ళు ఎగదన్నుకుంటూ వచ్చి తొట్టిలో పడ్డాయి. నూటరెండు సెకన్లలో తొట్టి నిండింది. ఎత్తు ఎంతని అడిగితే వెదురు బొంగు మీద గాటు చూపించి మూడు మీటర్ల డెబ్బై అన్నారు. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. మీ బొంగు తప్పు అన్నాను. సంచిలోంచి నా స్టీలు టేపు తీసి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, నిచ్చెనెక్కి కొలిచాను. మూడు మీటర్ల డెబ్బై ఒకటి.

టేపు చుట్టుకుంటూ దిగాను. మూడు మీటర్ల అరవైకి మించి తోడలేదని నేను సంతకం పెట్టి ఇచ్చిన పంపుకి జోడు, నా కళ్ళ ముందే డెబ్బై ఒకటికి తోడుతోంది. పైపులో రాపిడికి పోయే బలాన్ని కూడా కలిపితే అసలు లెక్క ఇంకా ఎక్కువే ఉండాలి.

వాచీ ఎక్కడ కొన్నారని అడిగాను, గుంటలో నీటిమట్టం తగ్గలేదు కదా అని అడిగాను. ఏదో ఒకటి తప్పవ్వాలని నా ఆశ. ఆయన అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. చివరికి ఆయనే నన్ను ఓదార్చడం మొదలుపెట్టారు.

"మీ బెంచి చెప్పిందే నిజమయ్యుంటదమ్మా. నాది వెదురు బొంగు. సోమవారం అచ్చు కోసి రెక్కలు ఇంకాస్త నిటారుగా పెడతానండి. అప్పుడు మీ గొట్టంలో ఎక్కుద్ది."

రెక్కలు నిటారుగా పెడితే ఎత్తు పెరిగే మాట నిజమే. మోటారు మీద బరువు కూడా పెరుగుతుంది, రాత్రీ పగలూ ఆగకుండా నడిస్తే కాలిపోతుంది. ముంపు నీళ్ళు తోడే పంపు రాత్రీ పగలూ నడవాలి. ఈ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. తెలిసీ, తన కళ్ళతో చూసినదాన్ని కాదనుకుని నా కాగితాన్ని నమ్ముతున్నారు. బస్సులో కూర్చున్నాక నాకు దుఃఖం వచ్చింది. నా మీద నాకే కోపం వస్తే ఎవరి మీద చూపించాలో తెలియక కండక్టరుతో చిల్లర కోసం దెబ్బలాడాను.

మర్నాడు ఆదివారం. చర్చిలో పాస్టర్ గారు ఏం చెప్పారో నన్ను అడక్కండి. కీర్తన పాడుతున్నా నా కళ్ళకి పైకెక్కి అరవై దగ్గర ఆగిన నీళ్ళే కనబడ్డాయి. ఆరాధన అవగానే ఇంటికి పోకుండా, మా ఆయన్ని మోటారు సైకిల్ తీయమని, పట్టుచీరతోనే ల్యాబ్‌కి వెళ్ళాను.

ముందు గొట్టాన్ని పై నుంచి కింద దాకా చూశాను. మీటరున్నర ఎత్తులో రెండు సెంటీమీటర్ల గాలి బుడగ ఇరుక్కుని ఉంది. దొరికావు అనుకున్నాను. గాలి వదిలేసి, భీమరాజు గారి పంపు ఇంకా బెంచి మీదే ఉంటే మళ్ళీ వేసి చూశాను. మూడు మీటర్ల యాభై ఎనిమిది. బుడగ ఉన్నప్పుడు నీళ్ళు రెండు సెంటీమీటర్లు ఎక్కువ చూపించాయన్నమాట. తప్పు సరిచేయబోతే పాపం ఆయనకి ఉన్నవి కూడా పోయాయి. మా ఆయన నవ్వారు. నేను చూసిన చూపుకి ఆపేశారు.

అప్పుడు నాకు పిల్లల రికార్డులు గుర్తొచ్చాయి. పైపు గోడకు పెట్టిన కన్నంతో ఒత్తిడి కొలిస్తే తప్పులు ఎందుకొస్తాయో ఏటా నేనే బోర్డు మీద రాస్తాను. కన్నం మరీ పెద్దది కాకూడదు, వంకరగా ఉండకూడదు, అంచు అరగకూడదు, లోపలికి ఏ చిన్న పొక్కూ పొడుచుకు రాకూడదు, గొట్టంలో గాలి ఉండకూడదు. పిల్లలు అదే వరసలో దించేస్తారు, నేను చూడకుండా టిక్ పెడతాను. తొమ్మిదేళ్ళుగా మూడువందల మంది చేత రాయించాను గానీ, నా సొంత కన్నం లోపల ఎలా ఉందో ఒక్కసారి కూడా చూసుకోలేదు. చేసింది మా ఆయన కదా మరి.

బోల్టులు విప్పి పైపు విడదీశాం. గాజులు తీసి ఆయనకిచ్చి, చెయ్యి లోపలికి పోనిచ్చాను. మోచెయ్యి దాటాక వేలికి ఏదో తగిలింది. కన్నం కాదు, కన్నం ఉండాల్సిన చోట నిలబడి ఉన్న ఒక గొట్టం ముక్క. పైపు గోడ దాటి అర అంగుళం లోపలికి పొడుచుకొచ్చి, పారే నీళ్ళకి అడ్డంగా నిటారుగా నిలబడి ఉంది.

ఇదేంటండీ అని అడిగాను. ఆయన టార్చి వేసి చూసి, చాలా తృప్తిగా, తన పనితనం ఇంకా చెక్కుచెదరలేదని చెప్పారు.

"బాయిలర్లో ట్యూబు ఎప్పుడూ ప్లేటు దాటి బయటికి రావాలి రూబీ. సమంగా ఆపేస్తే పట్టుండదు. మామూలుగా పావంగుళం వదులుతాం. నీ బెంచి కదా అని అర అంగుళం వదిలాను."

నేను పైపులోంచి చెయ్యి తీయడం కూడా మర్చిపోయాను. మండపేట మిల్లుల్లో పదిహేనేళ్ళు ఏ పద్ధతిలో చేస్తే ప్రాణాలు నిలబడ్డాయో అదే పద్ధతిలో, దానికి రెట్టింపు ప్రేమతో, నా బెంచిని పాడుచేసి పెట్టారు. తిట్టడానికి నోరు తెరిచాను, నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగలేదు. నేనెందుకు నవ్వుతున్నానో తెలియకుండానే ఆయన కూడా నవ్వారు. ఆదివారం మధ్యాహ్నం కాలేజీ వాచ్‌మన్ వచ్చి తలుపులోంచి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

తర్వాత ఆయనకి విడమరిచి చెప్పాను. కన్నం గోడతో సమంగా ఉంటే నీళ్ళు దాని పక్క నుంచి పోతాయి, అసలు ఒత్తిడే గొట్టంలోకి వస్తుంది. ముక్క పొడుచుకొచ్చి ఉంటే నీళ్ళు దాని మూతి చుట్టూ తిరిగి వేగంగా పోతూ లోపలి నీటిని లాగేస్తాయి, గొట్టంలో మట్టం పడిపోతుంది. నీళ్ళు పారితేనే ఈ తప్పు. నిలబెట్టి చూస్తే ఏ తేడా ఉండదు. జూన్ నెలల్లో నేను నిలబెట్టే చూశాను. ఎత్తుకి తోడే పెద్ద పంపులకి నలభై సెంటీమీటర్లు ఒక లెక్క కాదు. నాలుగు మీటర్ల పంపుకి అదే ప్రాణం.

విన్నాక ఆయన మొహంలో నవ్వు పోయింది. ఇన్నేళ్ళలో ఇలాంటి చిన్న పంపులు ఎన్ని ఫెయిల్ చేశావని అడిగారు. ఫైలు తీసి చూశాను. భీమరాజు గారిది కాక నాలుగు.

వెంటనే భీమరాజు గారికి ఫోన్ చేశాం. స్విచ్ ఆఫ్. సాయంత్రం చేశాం, అదే మాట. ఆర్డరు సంగతి ఏమైందని రైతులు చేసే ఫోన్లకి జవాబు చెప్పలేక ఆపేసి ఉంటారు. సోమవారం అచ్చు కోసేస్తానన్నారు. ఉన్నది ఒక్కటే అచ్చు. రంపం పడితే ఇరవై ఆరేళ్ళ పని పోతుంది, అది కూడా నా సంతకం చూసి.

సోమవారం పొద్దున్నే మోటారు సైకిల్ మీద బయల్దేరాం. కడియం దగ్గర నర్సరీల ముందు మొక్కల లారీలు రోడ్డంతా అడ్డంగా నిలబడి ఉన్నాయి. దారి వదలమని నేను అరిచిన అరుపులకి ఒక డ్రైవరు దిగి దణ్ణం పెట్టాడు. మా ఆయన వేగంగా నడపరు. ఆ రోజు మాత్రం నడిపారు. ఇంత జోరు మీలో ఉందని ముందే తెలిస్తే ఇంకాస్త గౌరవంగా చూసేదాన్ని కదా అన్నాను. వెనక నుంచి మాట్లాడితే బండి ఊగుతుంది అన్నారు.

షెడ్డుకి చేరేసరికి ఎనిమిదీ నలభై. భీమరాజు గారు నేల మీద చాప వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా టేకు అచ్చు ఉంది. చేతులు పడి పడి అద్దంలా మెరుస్తోంది. పక్కన రంపం, ఉలి, సుత్తి వరసగా పెట్టుకున్నారు. అచ్చు మీద పెన్సిల్‌తో గీతలు కూడా గీసేశారు. చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకుని వాచీ చూసుకుంటున్నారు.

ఆగిపోయారేంటండీ అని అడిగాను, ఆయాసపడుతూ.

"తొమ్మిదింటి దాకా రాహుకాలమండి," అన్నారు.

మాది మూడు తరాల లూథరన్ కుటుంబం. రాహుకాలం, వర్జ్యం అంటే నాకు నవ్వులాట. ఆ రోజు మాత్రం సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిదింటి దాకా ఏ పనీ మొదలుపెట్టొద్దన్న మహానుభావుడెవరో, ఆయనకి మనసులోనే చేతులెత్తి దణ్ణం పెట్టాను. మా పాస్టర్ గారికి ఈ సంగతి చెప్పలేదు.

తప్పు నా బెంచిదని చెప్పాను. అర అంగుళం సంగతంతా చెప్పాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి తల వంచుకుని, అది నేను చేసిందేనండి అన్నారు. భీమరాజు గారు చాలాసేపు విన్నారు. ఆయన మొహంలో సంతోషం కనబడలేదు.

"నా మీద జాలితో అంటున్నారేమోనమ్మా."

నాకు కోపం తన్నుకొచ్చింది. "నాకు జాలే ఉంటే మిమ్మల్ని రెండుసార్లు ఫెయిల్ ఎందుకు చేస్తానండీ?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఆ మాట నిజమేనన్నట్టు తలూపారు. రంపం తీసి వెనక్కి పెట్టారు. బుధవారం మళ్ళీ పరీక్ష చేసే దాకా అచ్చు ముట్టుకోనని మాటిచ్చారు.

మంగళవారం పొద్దున ప్రిన్సిపాల్ గారికి సంగతి చెప్పి, పాత నాలుగు పంపులవాళ్ళకీ నా పేరు మీదే ఉత్తరాలు రాస్తానన్నాను. ఇప్పుడు కెలకడం ఎందుకమ్మా, అడగనివాళ్ళకి చెప్పడం దేనికి అని ఆయన సందేహించారు. అడగలేకపోయినందుకే చెప్పాలి సార్ అన్నాను. నా కోపం సంగతి తెలిసిన మనిషి కాబట్టి ఒప్పుకున్నారు. మీ పంపు తప్పని చెప్పింది నా బెంచిలో లోపం, తెచ్చిస్తే ఉచితంగా మళ్ళీ పరీక్షిస్తాను అని నాలుగూ నా చేతి రాతతో రాసి, నకళ్ళు ల్యాబ్ బోర్డుకి అంటించాను.

ఆ తర్వాత మా ఆయన పని మొదలైంది. పొడుచుకొచ్చిన ముక్కను కోసి, పైపు గోడతో సమంగా అరగదీశారు. ఒక్క కన్నాన్నే నమ్మే ఓపిక నాకు పోయింది. పైపు చుట్టూ ఇంకో మూడు పెట్టమన్నాను. పైన, కింద, రెండు పక్కలా మొత్తం నాలుగు, ఒక్కోదానికి ఒక్కో చిన్న వాల్వు. కన్నాలు పడ్డాక ఆయన జేబులోంచి గుండ్రటి ఆకురాయి తీశారు. అంచులు నున్నగా వంపు తీస్తానన్నారు. ఏ కన్నం అంచునీ పదునుగా వదిలిపెట్టడం ఆయన వల్ల కాదు, అది ఆయన పనిలో మర్యాద. వద్దు, అంచు నిక్కచ్చిగా పదునుగానే ఉండాలి, వంపు తీస్తే ఈసారి ఎక్కువ చూపిస్తుంది అన్నాను.

"చేతికి గీసుకుంటుంది రూబీ," అన్నారు.

"లోపలికి ఎవరి చెయ్యి వెళ్తుందండీ?"

"మొన్న నీదే వెళ్ళిందిగా."

అంచులు మాత్రం పదునుగానే ఉంచాం. లోపలి పొక్కులన్నీ తీసేశాక, ఆయన వద్దన్నా వినకుండా నేనే మళ్ళీ చెయ్యి పెట్టి తడిమాను. గోడ నున్నగా ఉంది. చూపుడు వేలు మీద సన్నగా గీసుకుంది. దాన్ని ఆయనకి చూపించలేదు.

బుధవారం పదకొండు గంటలకి పరీక్ష. భీమరాజు గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. రైతుల తరఫున వాళ్ళ సంఘం అధ్యక్షుడు జగన్నాథరావు గారు వచ్చారు. భారీ మనిషి, నలభై ఎకరాల రైతు, ఎవరినీ ఊరికే నమ్మే రకం కాదు. వస్తూనే బోర్డు మీద ఉత్తరాలు నాలుగూ నిలబడి చదివారు. తర్వాత కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"మొన్న తప్పన్నారు, ఇవాళ ఒప్పంటారు. రేపు మా చేలు మునిగాక మళ్ళీ కాదంటే మేమేం చెయ్యాలి మేడం గారూ?"

న్యాయమైన ప్రశ్న. నేనైనా అదే అడిగేదాన్ని. నా మాట నమ్మక్కర్లేదండి, మీరే చూడండి అన్నాను. పైపుకి నాలుగు వైపులా నాలుగు కన్నాలున్నాయి. ఏ వాల్వు తెరిస్తే ఆ కన్నం ఒత్తిడి గొట్టంలోకి వస్తుంది. ఏ ఒక్క కన్నంలో లోపమున్నా మిగతావాటితో కలవదు. తెరవడం, మూయడం అంతా మీ చేతుల్లోనే అన్నాను. ఆయన లేచి చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. అంత పెద్దమనిషికి ఎవరో బొమ్మ ఇచ్చినంత సంబరం మొహంలో కనబడింది.

పంపు వేశాం. సెకనుకు నూరు లీటర్ల దగ్గర ప్రవాహాన్ని నిలబెట్టి నేను నిచ్చెనెక్కాను. భీమరాజు గారు గొట్టం వైపు చూడలేదు. కిటికీ దగ్గరికి పోయి, మాకు వీపు పెట్టి, బయట సైకిల్ స్టాండు చూస్తూ నిలబడ్డారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఆ వేళ్ళు ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి.

జగన్నాథరావు గారు పై వాల్వు తిప్పారు. గొట్టంలో నీళ్ళు ఎక్కడం మొదలైంది. మూడు దాటింది. అరవై దాటింది. ఎనభై, తొంభై. నాలుగు మీటర్ల దగ్గర నేను గీసిన ఎర్ర గీత దాటి, రెండు సెంటీమీటర్ల పైన వణుకుతూ నిలబడింది. ఆయన ఆ వాల్వు మూసి ఎడమది తెరిచారు. మట్టం కదల్లేదు. కుడిది తెరిచారు. కదల్లేదు. కింది వాల్వుని మాత్రం అనుమానంగా చూసి, రెండుసార్లు మూసి తెరిచారు. నాలుగు మీటర్ల రెండు దగ్గర నీళ్ళు అలాగే నిలబడ్డాయి. చివరికి నాలుగూ ఒక్కసారే తెరిచి, తల పైకెత్తి చూసి, "ఆరు పంపులూ భీమరాజు గారివే," అన్నారు.

కిటికీ దగ్గర నుంచి ఆయన వెనక్కి తిరగలేదు. "ఎంతొచ్చిందమ్మా?" అని అడిగారు.

"నాలుగు మీటర్ల రెండు సెంటీమీటర్లండి."

"ఇంకోసారి చెప్పండి."

చెప్పాను. నిచ్చెన మీద నుంచే, నాకు వచ్చినంత గట్టిగా చెప్పాను. అప్పుడు తిరిగి చూశారు. వచ్చి గొట్టం కింద నిలబడి, తల వెనక్కి వాల్చి, ఆ నీళ్ళనే చూస్తూ ఉండిపోయారు. కళ్ళు తుడుచుకోవాలని కూడా ఆయనకి తోచలేదు. మా ఆయన వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డారు. తప్పు చేసిన మనిషి, తప్పు భరించిన మనిషి ఇద్దరూ తలలెత్తి ఒకే గొట్టం కేసి చూస్తుంటే, నా జన్మలో ఇంత మంచి కొలత నేను తీయలేదనిపించింది.

కాసేపటికి భీమరాజు గారు జేబులోంచి ఫోన్ తీసి, ఎన్నాళ్ళకో స్విచ్ ఆన్ చేసి, ఇంటికి కలిపి నా చేతికిచ్చారు. ఇంట్లోవాళ్ళతో మీరే చెప్పండి, నేను చెప్తే వాళ్ళని ఓదార్చడానికి అంటున్నాననుకుంటారు అన్నారు. అవతల రత్నమాణిక్యం గారు ఎత్తారు. మీ వారి పంపు బంగారంలా ఉందండి, మొదటి నుంచీ బాగానే ఉంది, తప్పు నాది అన్నాను. నాలుగు మాటలు పడడానికి సిద్ధంగా ఉన్నాను. పడాల్సిందే అనుకున్నాను కూడా.

"ఆయన పక్కనే ఉన్నారాండీ?" అన్నారావిడ. "మే నెల నుంచీ నాలుగు మెతుకులు సరిగ్గా తిన్న పాపాన పోలేదండి. పొద్దున కూడా ఏమీ తినకుండానే వచ్చేశారు. ముందు ఆయనకి అన్నం పెట్టించండి."

ల్యాబ్‌లో తినకూడదని గోడ మీద నేనే రాసి పెట్టాను. ఆ గోడ కిందే బల్ల ఖాళీ చేసి, నా క్యారియరూ మా ఆయన క్యారియరూ విప్పి పెట్టాను. గోంగూర పచ్చడి, వంకాయ కూర, చారు, పెరుగు ఉన్నాయి. భీమరాజు గారు మొహమాటంగా రెండు ముద్దలు తిన్నారు. మూడో ముద్దకి మొహమాటం పోయింది. మా ఆయన పక్కన నిలబడి వడ్డిస్తుంటే, తల వంచుకుని, నా వాటా అయిపోయి మా ఆయన వాటా సగమయ్యే దాకా తిన్నారు. అప్పుడు తలెత్తి, ఇంకాస్త పచ్చడి ఉందా అమ్మా అని అడిగారు.